చిల్లర అని చిన్నచూపు చూడకండి!

చిల్లర సంగతి మనకి తెలిసినంతగా మగవాళ్ళకి తెలియదు. ఈ మాటంటే మావారు ఒప్పుకోరు గానీ, మీరే ఆలోచించండి. పెద్ద నోట్లు వాళ్ళ పర్సుల్లో ఉంటాయి. కూరగాయల బండి దగ్గర మిగిలిన నాలుగు రూపాయలు, పూలావిడ తిరిగిచ్చిన రెండు రూపాయలు, బస్సు కండక్టరు టిక్కెట్టు వెనక రాసిచ్చి దిగేటప్పుడు చేతిలో పెట్టిన ఐదు రూపాయలు... ఇవన్నీ చేరేది మన చేతిసంచీలోకే. అక్కణ్ణించి పోపులడబ్బాలోకో, దేవుడి గూట్లోకో, పిల్లల హుండీలోకో వెళతాయి.

ఇన్ని చేతులు మారి మన దగ్గరికొచ్చిన ఆ బిళ్ళని ఎప్పుడైనా వెలుతురులో పెట్టి చూశారా? దానిమీద ఏ సంవత్సరం ఉంది, ఎవరి బొమ్మ ఉంది, సంవత్సరం కింద ఆ చిన్న చుక్క ఎందుకుంది అని ఆలోచించారా? లేదు కదూ! ఎంత విలువో చూస్తాం, అంతే. మిగతాది చూడ్డానికి మనకి తీరికెక్కడిది?

చల్లపల్లిలో మాకో చిన్న పుస్తకాల కొట్టుంది. పెన్సిళ్ళు, రబ్బర్లు, లాంగు నోటు బుక్కులు... అన్నీ చిల్లర బేరాలే. పగలంతా మావారు చూసుకుంటారు. రాత్రి గల్లాపెట్టె లెక్క మాత్రం నాది. పిల్లలు పడుకున్నాక నాణేలన్నీ పీటమీద పోసి, రూపాయలు, రెండ్లు, ఐదులు, పదులు విడివిడిగా దొంతర్లు పేరుస్తాను. పదకొండేళ్ళ నుంచీ అదే పని. కొత్తలో విసుగ్గా ఉండేది. ఒకసారి రూపాయల దొంతర్లో ఒకటి కాస్త పెద్దదిగా పైకి తేలింది. తీసి చూస్తే దానిమీద అంబేద్కర్ గారి బొమ్మ! 1990లో ఆయన శతజయంతి సందర్భంగా వేసిన రూపాయి. అప్పట్నించీ నాకా లెక్క పని కాలక్షేపమైపోయింది. వింతగా కనబడ్డదల్లా ఖాళీ హార్లిక్సు సీసాలో వేస్తాను, దాని విలువకి సరిపడా డబ్బు నా దగ్గర్నుంచి గల్లాలో వేసేసి. లెక్క లెక్కే కదా మరి!

ఇప్పుడు చల్లపల్లి సెంటర్లో జామకాయల బుట్ట దగ్గర కూడా ఫోన్‌తో డబ్బులు పంపే గళ్ళ స్టిక్కరు వేలాడుతోంది. ఫోను చూపిస్తే పని అయిపోతుంది. నాణెం చేతికి రావడం రోజురోజుకీ తగ్గిపోతోంది. అందుకే ఈ నాలుగు ముక్కలూ చెప్పాలనిపించింది.

అమ్మమ్మ చెప్పిన లెక్క

మా అమ్మమ్మకి ఎనభై ఎనిమిదేళ్ళు. ఇవాళ పొద్దున ఏం తిన్నదీ మర్చిపోతుంది గానీ పాత డబ్బుల లెక్క నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. 'మూడు దమ్మిడీలు ఒక కాణీ. రెండు కాణీలు అర్ధణా. రెండు అర్ధణాలు అణా. రెండణాలు బేడ. రెండు బేడలు పావలా. నాలుగు పావలాలు రూపాయి'. వేళ్ళు మడుస్తూ పాట పాడినట్టు చెప్తుంది. అంటే రూపాయికి పదహారణాలు, అరవై నాలుగు కాణీలు, నూట తొంభై రెండు దమ్మిడీలు. కాలిక్యులేటర్లు లేని రోజుల్లో సంతకెళ్ళి ఈ లెక్కలన్నీ నోటితో కట్టిన ఆడవాళ్ళని చదువురాని వాళ్ళని ఎలా అనగలం చెప్పండి?

బిళ్ళని తడిమి చూస్తే చాలు, దీపం లేకపోయినా ఏదేమిటో తెలిసిపోయేదిట. అణాకి అంచులు పువ్వు రేకుల్లా ఉండేవి. బేడ నలుపలకగా ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో లోహానికి కరువొచ్చి, 1943 నుంచి కాణీకి మధ్యలో పెద్ద చిల్లి పెట్టి వేశారు. అదే మన చిల్లికాణీ. పిల్లలు తాడుకి గుచ్చి మెళ్ళో వేసుకునేవారనీ, మగవాళ్ళు మరకి వాషర్లుగా వాడేవారనీ అమ్మమ్మ చెప్తుంది.

తెల్లవాళ్ళు వెళ్ళిపోయినా 1950 దాకా రాజుగారి బొమ్మ నాణేలే నడిచాయి. 1950 ఆగస్టు 15న మన సొంత నాణేలొచ్చాయి. రాజుగారి తల స్థానంలో సారనాథ్ సింహాలు. వెనక వైపు కాణీ మీద గుర్రం, అణా మీద ఎద్దు, రూపాయి మీద గోధుమ కంకులు. ఆ తర్వాత 1957 ఏప్రిల్ 1న అసలు లెక్కే మారిపోయింది. రూపాయికి వంద నయా పైసలన్నారు. అణాకి ఆరుంబావు పైసలు రావాలి. పావు పైస ఎక్కణ్ణించి తెస్తారు? అందుకని అణాకి ఆరు, రెండణాలకి పన్నెండు, మూడణాలకి పంతొమ్మిది, పావలాకి పాతిక అని పట్టిక వేశారు. పదహారు అణాలు ఒక్కొక్కటే మారిస్తే చేతికొచ్చేది తొంభై ఆరే. 'ఆ నాలుగు పైసలూ ఎవడు మింగినట్టు?' అని అమ్మమ్మ ఇప్పటికీ అడుగుతుంది. 1964లో 'నయా' పోయి ఉత్త పైస మిగిలింది.

విచిత్రమేమిటంటే నాణేలు పోయాయి గానీ మాటలు పోలేదు. 'పదహారణాల తెలుగమ్మాయి' అంటాం. 'దమ్మిడీకి కొరగాడు' అని తిడతాం. 'పావలా వడ్డీ' అని డ్వాక్రా సంఘాల్లో మాట్లాడుకున్నాం. అసలు 'డబ్బు' అన్న మాటే ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరు! రూక, కాసు, వరహా... మనం డబ్బుకి వాడే పాత మాటలన్నీ ఒకనాటి నాణేల పేర్లే.

మన మెళ్ళోనే ఉంది!

బంగారం కొనేటప్పుడు తులం అంటాం, కాసు అంటాం. ఇవి ఎక్కణ్ణించి వచ్చాయో ఆలోచించారా? పాత వెండి రూపాయి సరిగ్గా ఒక తులం తూగేది. పదకొండు గ్రాముల అరవై ఆరు పాయింట్లు. తూకపు రాళ్ళమీద నమ్మకం లేనివాళ్ళు రూపాయి బిళ్ళ పెట్టి బంగారం తూయించుకునేవారు. ఇక మన వైపు కాసు అంటే ఇంగ్లీషు సవరను బరువు, దాదాపు ఎనిమిది గ్రాములు. కాసులపేరు చూడండి, నాణేలనే వరసగా గుచ్చిన హారం. మగవాడి చేతిలో డబ్బు ఖర్చయిపోతుందని తెలిసిన ఆడవాళ్ళు దాన్ని మెళ్ళో వేసుకుని దాచారన్నమాట!

మీ ఇంట్లో పూజ పెట్టెలో వెండి రూపాయి ఉందా? ఉంటే సంవత్సరం చూడండి. 1940కి ముందుదైతే నూటికి తొంభై పాళ్ళకి పైగా వెండే. యుద్ధం వల్ల 1940లో దాన్ని సగానికి తగ్గించేశారు. 1947 రూపాయి మీద పులి బొమ్మ ఉంటుంది. అందులో అసలు వెండే లేదు, అంతా నికెలు. విక్టోరియా రాణి బొమ్మ ఉంటే పేరు ముందు ఏముందో చూడండి. 1876 దాకా 'క్వీన్', 1877 నుంచి 'ఎంప్రెస్'. రాణీ నుంచి మహారాణీ అయింది కదా మరి!

జగ్గయ్యపేట దాటితే ఒకప్పుడు నిజాం రాజ్యం. అక్కడి రూపాయి వేరు. చార్మినార్ బొమ్మతో ఉండే ఆ హాలీ రూపాయలు ఏడిస్తే ఇటువైపు ఆరు రూపాయలొచ్చేవి. ఆ లెక్కన నూట పదహారు హాలీ రూపాయలు ఇంచుమించు మన వంద. కట్నాల్లో 'నూట పదహార్లు' అందుకే వచ్చిందని పెద్దవాళ్ళు అంటుంటారు. నిజమో కాదో గానీ, పెళ్ళిళ్ళ కవరు మీద అంటించే రూపాయి బిళ్ళని చూసినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

చుక్కలు చెప్పే కథ

ఇక ఇప్పటి నాణేలకి వద్దాం. ఈసారి చిల్లర చేతికొస్తే సంవత్సరం కింద చూడండి. వజ్రం ఆకారంలో చిన్న గుర్తుంటే అది ముంబయి టంకశాలది. గుండ్రటి చుక్కయితే నోయిడాది. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. చిన్న నక్షత్రం ఉంటే? అది మన హైదరాబాదుది!

హైదరాబాదు టంకశాలని 1803లో మూడో నిజాం సికందర్ జా కాలంలో పెట్టారు. 1903లో సైఫాబాద్‌కి మారింది. 1950లో కేంద్ర ప్రభుత్వం చేతికొచ్చింది. 1997లో చర్లపల్లికి తరలించారు. సైఫాబాద్ పాత భవనాన్ని 2022లో మ్యూజియం చేశారు. హైదరాబాదులో పిల్లలకి చూపించవలసిన చోట్లలో అదీ ఒకటి.

అన్ని నాణేలూ మన దేశంలోనే వేశారనుకోకండి. చిల్లర కరువొచ్చినప్పుడు బయటి దేశాల్లోనూ వేయించారు. 1985 రూపాయిలో సంవత్సరం కింద ఇంగ్లీషు 'హెచ్' అక్షరం ఉంటే అది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుంచి ఓడెక్కి వచ్చినట్టు. 1999 ఐదు రూపాయల్లో కొన్ని మాస్కోలో తయారయ్యాయి. మాస్కో నుంచి బయల్దేరి మా చల్లపల్లి కొట్లో పెన్సిలు చెక్కే మర కొనడానికొచ్చిన ఐదు రూపాయలు ఇప్పుడు నా సీసాలో ఉన్నాయి.

సీసాలో ఇంకేమున్నాయంటారా? 1998 చిత్తరంజన్‌దాస్ రెండు రూపాయలు, 1999 శివాజీ రెండు రూపాయలు, 2009లో వచ్చిన సెయింట్ అల్ఫోన్సా ఐదు రూపాయలు, 2010 మదర్ థెరిసా, ఆ ఏడాదే తంజావూరు బృహదీశ్వరాలయం వెయ్యేళ్ళ పండక్కి వేసినది, 2011 రవీంద్రనాథ్ టాగూర్. ఇవన్నీ చేతిలో పడ్డవే, కొన్నవి కావు.

ఒకటి మాత్రం మన దేశానిదే కాదు. రూపాయనుకుని ఎవరో ఇచ్చేశారు. మీద అరబ్బీ అక్షరాలు, వెనక తెరచాపల ఓడ. ఆరా తీస్తే కువైట్ నాణెం. ఏ తల్లి అక్కడ ఎవరింట్లోనో అంట్లు తోమి, పిల్లల్ని చూసుకుని, తిరిగొచ్చేటప్పుడు పర్సు అడుగున మిగిలిపోయిందో! దాన్ని మాత్రం నేను చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

ఓడ బొమ్మ అంటే ఇంకోటి చెప్పాలి. మా ఊరికి దగ్గర్లోనే ఘంటసాల ఉంది. రెండో శతాబ్దంలో టాలమీ అనే గ్రీకు పండితుడు తన భూగోళ గ్రంథంలో రాసిన రేవుపట్నం అదేనని చరిత్రకారులంటారు. ఆ కాలంలోనే శాతవాహనులు రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మతో నాణేలు వేశారు. రెండు వేల ఏళ్ళ కింద సముద్రం దాటి వెళ్ళిన మన కోస్తావాళ్ళు ఇప్పటికీ దాటుతూనే ఉన్నారు. నాణేల మీద ఓడలూ నడుస్తూనే ఉన్నాయి.

కుంపిణీవాళ్ళు ఉత్తర సర్కారుల కోసం 1794లో ఇంగ్లండులో వేయించి తెచ్చిన రాగి నాణెం ఒకటుంది. 'నలభై ఎనిమిది కలిపితే ఒక రూపాయి' అని ఇంగ్లీషులో దాని మీదే రాసి ఉంటుంది. జనం నమ్మరని భయం కాబోలు! అలాంటిది బందరులో ఒక పాత సామాన్ల కొట్లో చూశాను. కొనలేదు, చేత్తో తడిమి ఇచ్చేశాను.

మన గురించి వేసినవి

ఆడవాళ్ళ గురించి ప్రభుత్వం నాణేలు వేసిందని మీకు తెలుసా? 1975లో అంతర్జాతీయ మహిళా సంవత్సరానికి పది పైసల బిళ్ళ. 1980లో 'గ్రామీణ మహిళల ప్రగతి' పేరుతో పది పైసలు, పావలా. 1990లో 'బాలికా సంవత్సరం' రూపాయి. 1994లో కుటుంబ సంవత్సరం రూపాయి. 1996లో 'తల్లి ఆరోగ్యమే బిడ్డ ఆరోగ్యం' అంటూ ఐదు రూపాయలు. అంతకు ముందు 1974లో 'పరిమిత కుటుంబం, అందరికీ ఆహారం' అని కూడా ఒకటి వచ్చింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఎవరు చేయించుకున్నారో నేను చెప్పక్కర్లేదు.

గ్రామీణ మహిళల పావలా మా అత్తయ్యగారి దగ్గర దొరికింది. 'ఇది మీ మీద వేసినదండీ అత్తయ్యగారూ!' అంటే ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, 'నా మీద వేశారా? ఆ ఏడాది మా పొలంలో నాట్లేసిన కూలీకి ఎంతిచ్చామో నాకు గుర్తుంది. వాళ్ళకి చెప్పి ఉండాల్సింది' అన్నారు. అంతే. మళ్ళీ పప్పు రుబ్బుకోవడంలో పడిపోయారు.

ఆవిడ దగ్గరే ఇంకో మూట ఉంది. 1968 నుంచి 1971 దాకా వచ్చిన ఇత్తడి రంగు ఇరవై పైసల బిళ్ళలు, కమలం పువ్వు బొమ్మవి. నూట ఎనిమిది ఏరి పెట్టుకున్నారు. వరలక్ష్మీ వ్రతానికి ఒక్కో నామానికీ ఒక్కో బిళ్ళ వేస్తారు. అవి చెలామణిలోంచి పోయి ఎంతో కాలమైనా అమ్మవారి దగ్గర మాత్రం చెల్లుతూనే ఉన్నాయి.

పిన్ని చెంబు

చెల్లడం, చెల్లకపోవడం అంటే మా పిన్ని సంగతి చెప్పాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంటి ఖర్చులో మిగిలిన పావలాలు ఒక ఇత్తడి చెంబులో వేసేది. ఖడ్గమృగం బొమ్మ పావలాలు గుర్తున్నాయా? 1988 నుంచి వచ్చాయి. అవే ఎక్కువ. చెంబు నిండితే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామికి ముడుపు చెల్లించాలని మొక్కు. బీరువా వెనక దాచింది. బాబాయికి కూడా తెలియదు.

2011 జూన్ 30 నుంచి పావలా, అంతకంటే చిన్న నాణేలన్నీ చెల్లవని ప్రభుత్వం ప్రకటించింది. ముందు రోజు దాకా బ్యాంకుల్లో మార్చుకోవచ్చన్నారు. పేపర్లలో వేశారు, టీవీల్లో చెప్పారు. కానీ పిన్ని ఇంట్లో పేపరు చదివేది బాబాయి. చదివి మడిచి పక్కన పెట్టేశారు. ఆయనకి చెంబు సంగతి తెలియదు. ఆవిడకి పేపరు సంగతి తెలియదు. తెలిసేసరికి నెల దాటిపోయింది. చెంబెడు డబ్బు ఒక్క రాత్రిలో ఉత్త లోహమైపోయింది.

పిన్ని ఏడవలేదు. 'స్వామికి లెక్క తెలుసులే' అని చెంబు తీసుకెళ్ళి గుడిలో పెట్టి దణ్ణం పెట్టుకుని మళ్ళీ ఇంటికి తెచ్చుకుంది. నోట్లతో మొక్కు తీర్చింది. కానీ అప్పట్నించీ ఆవిడకో అలవాటైంది. పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తనే చదువుతుంది. మనం దాచుకునే డబ్బు గురించి నిర్ణయాలు ఎక్కడో జరుగుతుంటాయి. అవి మన చెవిన పడాలంటే మనమే చదవాలి. 2016లో పెద్ద నోట్లు రద్దయినప్పుడు పిన్ని దాచుకున్నది ఒక్కటీ పోలేదు. పోపులడబ్బాల్లో దాచిన నోట్లు భర్త ముందు బయటపెట్టవలసొచ్చి తలదించుకున్న ఆడవాళ్ళు ఆ ఏడాది ఎంతమందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

'మీ నాణెం లక్షలు చేస్తుంది!'

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం మా వీధిలో ఒకావిడ. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఆవిడ దగ్గర వైష్ణోదేవి అమ్మవారి బొమ్మ ఐదు రూపాయల బిళ్ళ ఉంది. ఫోన్లో ఒక వీడియో వచ్చింది. 'ఈ బిళ్ళ మీ దగ్గరుందా? పదకొండు లక్షలు మీవే!' అని. ఆవిడ ఫోన్ చేసింది. మర్యాదగా మాట్లాడారు. బిళ్ళ ఫోటో పంపమన్నారు. 'చాలా అరుదైనదమ్మా' అన్నారు. రిజిస్ట్రేషనుకి 2,100 కట్టమన్నారు. కట్టింది. తర్వాత పన్ను అన్నారు. తర్వాత రిజర్వ్ బ్యాంకు అనుమతి పత్రం అన్నారు, ముద్రలతో కాగితం కూడా పంపారు. మొత్తం పద్నాలుగు వేలు. కూతురి కాలేజీ ఫీజుకి దాచినవి. ఇంకా ఎనిమిది వేలు కట్టమన్నప్పుడు ఆ బిళ్ళ చీర కొంగున ముడేసుకుని మా కొట్టుకొచ్చింది.

'డబ్బు పోయినందుక్కాదక్కా... ఆశపడ్డావని అంటారు కదా, అది తట్టుకోలేక ఎవరికీ చెప్పలేదు' అంది.

వైష్ణోదేవి నాణేలు 2012 నాటివి. కుప్పలుగా వేశారు. నా సీసాలోనే రెండున్నాయి. ఐదు రూపాయల బిళ్ళకి వచ్చేది ఐదు రూపాయలే. మరీ మెరుపు పోని కొత్తదైతే ఎవరైనా సరదాపడి పదో పాతికో ఇవ్వచ్చు. అంతేగానీ లక్షలెక్కడివి?

ఇద్దరం కలిసి 1930 నంబరుకి ఫోన్ చేశాం. సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే నంబరు అది. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది. అప్పటికే నాలుగు రోజులు దాటిపోయింది, ఆ డబ్బు తిరిగి రాలేదు. ఆ నాలుగు రోజులూ ఆమె నోరు నొక్కేసింది మోసగాడు కాదు, 'ఏమనుకుంటారో' అన్న భయం. ఆశపడటం నేరం కాదు. ఆశపెట్టి దోచుకోవడం నేరం. ఇంట్లోవాళ్ళు ఆ తేడా గుర్తుంచుకుంటే చాలామంది ఆడవాళ్ళు మొదటి రోజే నోరు విప్పుతారు.

పాత నాణేల కొనుగోలు అమ్మకాలతో తమకేమీ సంబంధం లేదనీ, తమ పేరు చెప్పి రుసుములు అడిగితే నమ్మొద్దనీ రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. కొనేవాడు డబ్బిస్తాడు. డబ్బడిగేవాడు కొనేవాడు కాదు.

తెలిసి ఉండాల్సినవి

నాణెం పాతదైనంత మాత్రాన విలువైనది కాదు. అది ఎన్ని వేశారు, ఎంత శుభ్రంగా మిగిలింది, కావాలనేవాళ్ళు ఎందరున్నారు అన్నదాన్ని బట్టి ధర. ముద్ర పక్కకి జరిగిపోయినవి, ఒకవైపు అచ్చే పడనివి లాంటి టంకశాల పొరపాట్లకి నాణేలు సేకరించేవాళ్ళ దగ్గర గిరాకీ ఉంటుంది. అమ్మాలనుకుంటే కనీసం ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్ళకి చూపించండి. వెండి రూపాయైతే కనీసం వెండి ధర ఎంతో కంసాలి దగ్గర తెలుసుకుని మరీ మాట్లాడండి.

మనకో అలవాటుంది. నల్లబడ్డ రాగిగానీ ఇత్తడిగానీ కనిపిస్తే చింతపండు పట్టుకుంటాం. పాత నాణేన్ని మాత్రం తోమకండి! చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి ఏదీ వద్దు. దాని మీద కాలం వేసిన పొర పోతే సేకరించేవాళ్ళు పెదవి విరుస్తారు. మట్టి ఉంటే మంచినీళ్ళలో కడిగి మెత్తటి గుడ్డ మీద ఆరబెట్టి, కాగితం కవర్లో పెట్టి, ఎక్కడ ఎప్పుడు దొరికిందో కవరు మీద రాయండి. అంచు పట్టుకోండి, బొమ్మ మీద వేళ్ళు పెట్టకండి.

పది రూపాయల బిళ్ళ చెల్లదని కొన్ని ఊళ్ళల్లో తీసుకోరు. పద్నాలుగు రకాల పది రూపాయల నాణేలున్నాయనీ, అన్నీ చెల్లుతాయనీ 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంకు స్పష్టంగా చెప్పింది. అర్ధరూపాయి కూడా చట్టప్రకారం చెల్లుతుంది. 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయి, అంతకంటే పెద్ద నాణేలతో ఒకేసారి వెయ్యి రూపాయల దాకా, అర్ధరూపాయలతో పది రూపాయల దాకా చెల్లించవచ్చు. చెలామణిలో ఉన్న నాణేల్ని కరిగించినా, ముక్కలు చేసినా శిక్ష ఉంది. ఇక చిల్లర లేదని చాక్లెట్టు చేతిలో పెడితే, 'రేపు నేనూ చాక్లెట్లే ఇస్తాను, తీసుకుంటారా?' అని నవ్వుతూ అడగండి. మా కొట్లో మావారు ఆ పని చేస్తే నేనే అడిగాను!

పొలం దున్నుతుంటేనో, పునాది తవ్వుతుంటేనో నాణేల కుండ దొరికితే మాత్రం అది మనది కాదు. పది రూపాయలకి మించిన విలువైన ఏ నిక్షేపం దొరికినా కలెక్టరుకి తెలియజేయాలని 1878 నాటి చట్టం చెప్తోంది. నూరేళ్ళు దాటిన నాణేల్ని విదేశాలకి పంపడం కూడా నేరమే. అమెరికాలో ఉన్న అల్లుడికి విక్టోరియా రూపాయలు పంపుదామనుకునే అత్తగార్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పిల్లల సెలవులకి విజయవాడ వెళితే బాపు మ్యూజియం చూపించండి. పాత విక్టోరియా జూబిలీ మ్యూజియమే అది. శిల్పాలతోపాటు పాత నాణేలూ ఉంటాయి. మా జిల్లావాళ్ళకి గర్వంగా చెప్పుకోవడానికి ఇంకొకటుంది. నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు గారి శతజయంతికి వంద రూపాయల నాణెం వేశారు. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేశారు. హైదరాబాదు టంకశాలలోనే తయారైంది. సగం వెండి. అది చిల్లరలో దొరకదు, కొనుక్కోవలసిందే.

అడగాల్సిన ప్రశ్న

నాణేలు సేకరించమని నేను మీకు చెప్పడం లేదు. ఇంట్లో ఉన్న సామాను సర్దుకోవడానికే మనకి ఖాళీ లేదు. ఒక్క పని మాత్రం చేయండి. దేవుడి గూట్లోనో, పాత ట్రంకు పెట్టె అడుగునో ఉన్న బిళ్ళలు నాలుగు తీసి మీ ఇంట్లో పెద్దావిడ చేతిలో పెట్టండి. ఇది ఎంత చేస్తుందని అడక్కండి. 'అప్పట్లో దీనికేమొచ్చేది?' అని అడగండి.

నేనడిగితే మా అమ్మమ్మ కాణీని వేళ్ళ మధ్య తిప్పుతూ, 'గుప్పెడు మరమరాలు, బెల్లం ముక్క. మా అమ్మ మా ముగ్గురికీ పంచేది. తను తినేది కాదు' అంది. కాసేపాగి, 'తనకి ఇష్టం లేదనుకునేదాన్ని. నాకు పిల్లలు పుట్టాక అర్థమైంది' అంది.

అమ్మమ్మ మాటలు ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి పక్కనే కూర్చుని విన్నది. కాణీ ఉన్న కాగితం కవరు మీద సంవత్సరం పక్కనే తనే రాసిపెట్టింది: 'గుప్పెడు మరమరాలు, బెల్లం ముక్క. ముగ్గురికి.'